పెడల్ ఎందుకు దిగుతోందో తెలిశాకే పానా పట్టండి

ప్రశ్న: మాది 2016లో కొన్న చిన్న పెట్రోల్ కారు. 64,000 కిలోమీటర్లు తిరిగింది, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. వానాకాలం మొదలైనప్పటి నుంచి బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగుతోంది. వెంటవెంటనే రెండుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. ముందు ప్యాడ్లు అరిగాయేమోనని పోయిన నెల మార్పించాను, అయినా తేడా లేదు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే 2,800 రూపాయలన్నారు. మా కాలనీ షెడ్డులో 600 అన్నారు. వీడియోలు చూశాక నేనే చేసుకోగలననిపిస్తోంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టి, మా ఆవిడతో పెడల్ తొక్కించి బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీసేద్దామనుకుంటున్నాను. తనేమో బ్రేకుల దగ్గర ప్రయోగాలు వద్దంటోంది. వచ్చే వారం అమ్మానాన్నలను తీసుకుని శ్రీశైలం వెళ్ళాలి. ఇంట్లో చేసుకోమంటారా, మెకానిక్‌కు ఇవ్వమంటారా?
ఒక పాఠకుడు, నిజాంపేట, హైదరాబాద్

సమాధానం:

ఈసారికి మీ ఆవిడ మాట వినండి, బండి మెకానిక్‌కే ఇవ్వండి. శ్రీశైలం ప్రయాణం బ్రేకు సరయ్యాకే పెట్టుకోండి. వచ్చేసారి నుంచి మాత్రం మీరిద్దరూ కలిసి ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇప్పుడొద్దని, తర్వాత చేసుకోవచ్చని ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను.

మీ ఉత్తరంలో రెండు పనులు కలిసిపోయాయి. బాగా పట్టే బ్రేకుల్లోంచి పాతబడ్డ ఆయిల్ తీసేసి కొత్తది ఎక్కించడం ఒక పని. పెడల్ ఎందుకు దిగుతోందో కనుక్కుని దాన్ని సరిచేయడం ఇంకో పని. వీడియోల్లో ఎక్కువగా చూపించేది మొదటిది. మీకు ఇప్పుడు కావలసింది రెండోది. ఓపిక, శుభ్రత ఉంటే మొదటి పని ఎవరైనా నేర్చుకోవచ్చు. నేను పదిహేనేళ్ళుగా మా ఇంటి బళ్ళకు నేనే చేస్తున్నాను. రెండో దానికి మాత్రం నాలుగు రకాల బ్రేకులు విప్పి చూసిన చెయ్యి కావాలి.

ఒక్కసారి ఆలోచించండి. ముందు ప్యాడ్లు మార్చేటప్పుడు మామూలుగా ఆయిల్ పైపులు విప్పరు. చక్రంతో తిరిగే డిస్కుకు ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ను పక్కకు తీసి, దానిలోని పిస్టన్‌ను వెనక్కి నొక్కి, కొత్త ప్యాడ్లు పెట్టి బిగించేస్తారు. ఆయిల్ దారి ఎక్కడా తెరుచుకోదు. పైగా మీ పెడల్ అంతకు ముందు నుంచే దిగుతోంది. మరి గాలి ఎక్కడి నుంచి వచ్చినట్టు? మూసి ఉన్న పైపుల్లోకి గాలి దానంతట అది రాదు. నిజంగా గాలే అయితే అది వచ్చిన దారి ఒకటి ఉండాలి. వెనక చక్రంలో బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ కారుతూ ఉండొచ్చు, పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగి ఉండొచ్చు, ఎప్పుడో ఆయిల్ బాగా తగ్గిపోయి రిజర్వాయర్ (బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా) అడుగంటి ఉండొచ్చు. ఆ దారి మూయకుండా గాలి మాత్రం తీసేస్తే పెడల్ నాలుగు రోజులు గట్టిగా ఉంటుంది, తర్వాత మళ్ళీ దిగుతుంది. ఆ దిగడం కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర జరుగుతుందో, అమ్మానాన్నలు వెనక సీట్లో కూర్చుని ఉండగా ఘాట్‌లో జరుగుతుందో మన చేతుల్లో ఉండదు.

అసలది గాలి కాకపోవచ్చు కూడా. రెండుసార్లు తొక్కితే గట్టిపడుతోందని రాశారు చూడండి, అది నన్ను ఇంకో వైపు ఆలోచింపజేసింది. చిన్న కార్లలో చాలావాటికి వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులే ఉంటాయి. డ్రమ్‌కు లోపలి నుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే షూలు అరిగేకొద్దీ వాటికీ డ్రమ్‌కూ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందును ఎప్పటికప్పుడు తగ్గించే అడ్జస్టర్ లోపలే ఉంటుంది గానీ దుమ్ము, తుప్పు పట్టి అది బిగుసుకుపోవడం చాలా మామూలు విషయం. వానాకాలంలో నీళ్ళు నిలిచిన రోడ్ల మీద తిరిగే బళ్ళకు మరీను. అలా అయినప్పుడు మొదటిసారి తొక్కిన తొక్కుడంతా ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది. షూలు పూర్తిగా వెనక్కి పోయేలోపే రెండోసారి తొక్కుతాం కాబట్టి పెడల్ పైనే గట్టిగా తగులుతుంది. ఇలాంటి బండికి లీటర్ల కొద్దీ కొత్త ఆయిల్ ఎక్కించినా పెడల్ మారదు. డ్రమ్ములు విప్పి, శుభ్రం చేసి, అడ్జస్టర్ కదిలేలా చేస్తేనే మారుతుంది. మీరు ఒక ఆదివారమంతా సెల్లార్‌లో నేల మీద పడుకుని గాలి బుడగల కోసం చూసి, ఒక్కటీ రాక, చివరికి మాస్టర్ సిలిండర్ పోయిందేమోనన్న టెన్షన్‌తో ఇంట్లోకి వెళ్ళే పరిస్థితి రాకూడదు.

బండి ఎవరికైనా ఇచ్చేముందు, ఒక్క నట్టు కూడా విప్పకుండా, మీరే చేసి చూడగలిగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఈ రోజే చేయండి. బండి సమంగా ఉన్న చోట పెట్టి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, ఇంజిన్ ఆపండి. హ్యాండ్ బ్రేక్ వదిలేసి పెడల్ ఒకసారి తొక్కి ఎంత లోపలికి పోతోందో గుర్తుపెట్టుకోండి. కాలు తీసి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, అర నిమిషం ఆగి మళ్ళీ తొక్కండి. హ్యాండ్ బ్రేక్ లాగినప్పుడు వెనక షూలు వెళ్ళి డ్రమ్‌కు ఆనుకుంటాయి కదా, సందు ఉండదు. ఇప్పుడు పెడల్ మొదటిసారికే పైన గట్టిగా తగిలితే మీ సమస్య వెనక డ్రముల్లో ఉందని చాలావరకు అనుకోవచ్చు. హ్యాండ్ బ్రేక్ లాగినా అదే మెత్తదనం, అదే స్పాంజి మీద కాలు పెట్టినట్టు ఉంటే గాలినీ, పాత ఆయిల్‌నూ, ఉబ్బుతున్న రబ్బరు పైపులనూ అనుమానించాలి.

తర్వాత పెడల్ తొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకే బలంతో ఒక నిమిషం అలాగే పట్టుకోండి. ఇంజిన్ స్టార్ట్ అయిన క్షణంలో పెడల్ కొంచెం కిందికి జారుతుంది. అది కాలి బలాన్ని పెంచే బూస్టర్ పని, కంగారు పడకండి. ఆ తర్వాత కూడా కాలి కింద మెల్లమెల్లగా దిగిపోతూనే ఉంటే మాత్రం లోపల మాస్టర్ సిలిండర్ రబ్బర్లు ఒత్తిడిని ఆపలేకపోతున్నాయనో, ఎక్కడో కారుతోందనో అర్థం. అదే తేలితే ఆ బండిని ఇక నడపకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేదా టోయింగ్ బండి మీద పంపండి.

బానెట్ ఎత్తి రిజర్వాయర్ కూడా చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ అందులో లెవెల్ కొద్దిగా తగ్గడం సహజమే. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు అది మళ్ళీ పైకి రావాలి. మీ ప్యాడ్లు నెల కిందటివి. అప్పటి నుంచి లెవెల్ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే లెక్క. టార్చి వేసి నాలుగు చక్రాల లోపలి వైపు టైరు మీద, డ్రమ్ కింద తడి ఉందేమో చూడండి. లెవెల్ తగ్గిందని పైన కొంచెం పోసి ఊరుకోవడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే మనకు కనిపించే ఒక్క హెచ్చరికనూ అది దాచేస్తుంది.

ఇక ఆయిల్ సంగతి. అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె జాతి కాదు. మన కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ ఈథర్లతో చేసినవి, వాటికి తేమను పీల్చుకునే గుణం ఉంది. రిజర్వాయర్ మూతలోని గాలి రంధ్రం గుండా, రబ్బరు పైపుల గోడల గుండా కూడా నెమ్మదిగా తేమ చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 కనీసం 230 దాకా మరగకూడదు. అది ప్రమాణం. అదే ఆయిల్ 3.7 శాతం నీరు పీల్చుకున్నాక ఆ కనీస హద్దులు 140కీ, 155కీ పడిపోతాయి. రెండేళ్ళకోసారి మార్చమని చాలా కార్ల మాన్యువల్స్‌లో రాసేది ఇందుకే. మీకు గుర్తే లేదంటే మీ బండిలో ఉన్నది చాలా పాతదై ఉంటుంది. మూత తీసి చూస్తే లేత పసుపులో కాకుండా టీ డికాక్షన్ రంగులో కనిపించొచ్చు. రంగును బట్టి నీరెంత ఉందో చెప్పలేం గానీ, ఎప్పుడు మార్చారో గుర్తు లేదంటే రంగుతో పని లేదు, మార్చాల్సిందే.

మీ ప్రయాణం వాయిదా వేసుకోమన్నదీ ఇందుకే. హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలభైలో వెళ్ళి ఆగే బండికి బ్రేకులు అంతగా కాలవు. శ్రీశైలం దారి వేరు. మన్ననూరు దాటి, నల్లమల అడవిలో పోయి, దోమలపెంట దగ్గర నుంచి డ్యామ్ వైపు మలుపు మీద మలుపుగా దిగుతారు. నలుగురు మనుషులు, సామాను, పొడుగునా దిగుడు, కాలు బ్రేకు మీదే. డిస్కుల వేడి ప్యాడ్ల గుండా కాలిపర్‌లోని ఆయిల్‌కు చేరుతుంది. నీరు పట్టిన ఆయిల్ అక్కడ మరిగితే ఆవిరవుతుంది. ఆయిల్‌ను నొక్కితే అది కుదించుకుపోదు, అందుకే మీ కాలి బలం చక్రానికి చేరుతుంది. ఆవిరి మాత్రం కుదించుకుపోతుంది. పెడల్ కిందికంటా పోతుంది, బండి ఆగదు. బాధాకరమైన విషయం ఏమిటంటే, పక్కన ఆపి అరగంట చల్లారనిస్తే ఆవిరి మళ్ళీ ద్రవమై పెడల్ పైకి వచ్చేస్తుంది. ఇప్పుడు బాగానే ఉందిలే అని మళ్ళీ దిగడం మొదలుపెడతారు.

మెకానిక్ దగ్గరికి వెళ్ళినప్పుడు బ్లీడింగ్ (గాలి తీసే పని) చేయమని అడగకండి. మీరు మందు పేరు చెబితే వాళ్ళు ఆ మందే ఇస్తారు. పెడల్ మొదటిసారికి దిగుతోంది, రెండోసారికి గట్టిపడుతోంది, కారణం చెప్పండి అని అడగండి. మీరు చేసిన పరీక్షల్లో ఏం తేలిందో కూడా చెప్పండి. 2,800కీ 600కీ తేడా చూసి ఒకరు దోచుకుంటున్నారనో, ఇంకొకరు చవకనో అనుకోవద్దు. ఆ రెండు ధరలూ ఒకే పనికి చెప్పినవి కాకపోవచ్చు. నాలుగు చక్రాలు విప్పి, వెనక డ్రమ్ములు శుభ్రం చేసి, అడ్జస్ట్ చేసి, ఆయిల్ మొత్తం మార్చడానికైతే 2,800 నాకు మరీ ఎక్కువగా అనిపించడం లేదు. గాలి మాత్రం తీసి పంపడానికైతే 600 కూడా వృథా. ఏమేం చేస్తారో ఇద్దరినీ విడివిడిగా అడిగి, రాయించుకోండి.

మీ బండికి నేనైతే కాలనీ షెడ్డునే ఎంచుకుంటాను, ఒక షరతు మీద. ఉస్తాద్ డ్రమ్ విప్పినప్పుడు మీరు పక్కన నిలబడి చూడటానికి ఒప్పుకోవాలి. పని తెలిసిన ఉస్తాద్ ఎవరూ దీనికి కాదనరు, పైగా షూ ఎంత అరిగిందో చేతిలో పెట్టి చూపిస్తారు. కాదంటే ఇంకో షెడ్డు చూసుకోండి. తాళం తిప్పగానే ఏబీఎస్ అని పసుపు లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అది ఆరకుండా ఉంటే మాత్రం బండి కంప్యూటర్‌కు తగిలించి చూసే స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌కే వెళ్ళండి. ఏబీఎస్ యూనిట్ లోపల సన్నని దారులు, వాల్వులు ఉంటాయి. వాటిలో గాలి చిక్కుకుంటే చాలా బళ్ళలో పెడల్ తొక్కి తీయడం కుదరదు. స్కానర్ పెట్టి లోపలి పంపును నడిపిస్తేనే బయటికి వస్తుంది.

పక్కన నిలబడమని ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవం ఒకటి ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక చోట సర్వీసుకిస్తే బిల్లులో బ్రేక్ ఆయిల్ మార్పు అని వేశారు. ఇంటికొచ్చాక వేరే పని మీద వెనక చక్రం విప్పితే, ఆయిల్‌నూ గాలినీ బయటికి వదిలే బ్లీడర్ నిపిల్ మీది రబ్బరు టోపీ పైన ఎప్పటిదో మట్టి పొర అలాగే ఉంది. ఆ టోపీ తీయకుండా ఆ చక్రంలోంచి చుక్క ఆయిల్ కూడా బయటికి రాదు. రిజర్వాయర్‌లో ఉన్నంత మట్టుకు సిరంజితో తీసి కొత్తది పోశారు. పైనుంచి చూస్తే తేనెలా మెరుస్తోంది. వేడెక్కే చోట, కాలిపర్లలో ఉన్నదంతా పాతదే. అప్పటి నుంచి బయట చేయిస్తే నాలుగు నిపిళ్ళ మీదా టోపీలు కదిలాయో లేదో చూడకుండా డబ్బులివ్వడం లేదు. మీరూ అలాగే చూడండి. సీల్ విప్పని ఆయిల్ డబ్బా మీరే కొని తీసుకెళ్ళండి. ఏ రకమో రిజర్వాయర్ మూత మీదే రాసి ఉంటుంది. డాట్ 3 అని ఉన్న చోట సాధారణంగా డాట్ 4 వాడుకోవచ్చు, మీ మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. డాట్ 5 మాత్రం సిలికాన్‌తో చేసింది, పూర్తిగా వేరే జాతి, అది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. షెడ్డులో ఎప్పుడో మూత తీసి సగం వాడిన డబ్బాలోది పోయనివ్వకండి. మూత తీసిన క్షణం నుంచే అది తేమ పీలుస్తూ ఉంటుంది.

ఇప్పుడు వచ్చేసారి సంగతి. పెడల్ గట్టిపడి, బ్రేకులు బాగా పడుతున్నాయని నమ్మకం కుదిరాక, రెండేళ్ళకు ఆయిల్ మార్చే సమయం వచ్చినప్పుడు మీరే చేసుకోండి. డబ్బు మిగులుతుందని మాత్రం అనుకోవద్దు. జాకీ స్టాండ్లు ఒక జత, మీ నిపిళ్ళకు సరిపోయే రింగు పానాలు, పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టం, కళ్ళలో ఆయిల్ చిమ్మకుండా పెట్టుకునే అద్దాలు, లీటరు ఆయిల్ అన్నీ కొనేసరికి మొదటిసారి ఖర్చు షెడ్డు ధర దాటిపోతుంది. రాణీగంజ్ వెళ్తే ఇవన్నీ ఒకే చుట్టులో దొరుకుతాయి. ఇంట్లో చేసుకోవడంలో నాకు నచ్చేది వేరే. నాలుగు చక్రాల్లోంచీ పాత ఆయిల్ పోయి కొత్తది రావడం కళ్ళతో చూస్తాం. ఆ రోజు నుంచి ఆ పెడల్ మీద కాలు పెట్టినప్పుడల్లా దాని కింద ఏముందో మనకు తెలుసు.

చోటు విషయంలో పట్టుదలగా ఉండండి. మీ సెల్లార్‌లో ర్యాంపుకు దగ్గరగా నేల వాలుగా ఉంటే అక్కడ వద్దు. ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేసిన చోట జాకీ కింద టైలు కుంగుతుంది, దాని కింద మందపాటి చెక్క పలక పెట్టాలి. బండితో వచ్చిన జాకీ టైరు మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద లేపి ఉంచిన బండి కిందికి చెయ్యి కూడా పెట్టకండి, స్టాండ్ల మీద దించాకే పని మొదలుపెట్టండి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలను. వెనక వైపు లేపినప్పుడు అది బండిని ఆపదు కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డాలు పెట్టాలి.

ముందు రోజు రాత్రే నిపిళ్ళ మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. పొద్దున మొదట నాలుగు నిపిళ్ళూ కదులుతున్నాయో లేదో కొద్దిగా వదులు చేసి, మళ్ళీ బిగించి చూడండి. ఒక్కటి కదలకపోయినా ఆ రోజుకు పని ఆపేయండి. నిపిల్ చిన్నది, మధ్యలో బోలుగా ఉంటుంది. బలం పెడితే పుటుక్కున విరుగుతుంది, దాంతో వీల్ సిలిండరో, కాలిపరో మార్చాల్సి రావచ్చు. రెండు వైపులా తెరిచి ఉండే మామూలు పానా వాడితే మూలలు అరిగిపోతాయి, రింగు పానానే వాడండి.

అసలు పని సులువే. రిజర్వాయర్‌లోని పాత ఆయిల్ సిరంజితో తీసేసి కొత్తది నింపండి. అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం షెడ్డుల్లో అలవాటు. మన బళ్ళలో మాస్టర్ సిలిండర్ కుడి వైపు ఉంటుంది కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. చాలా చిన్న కార్లలో పైపులు ఐమూలగా వెళ్తాయి, వాటి వరుస వేరుగా ఉండొచ్చు, మాన్యువల్‌లో ఏముంటే అదే పాటించండి. నిపిల్‌కు పానా తగిలించి, దాని మీద గొట్టం తొడిగి, రెండో కొస కొద్దిగా కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. మీ ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకుంటారు. మీరు నిపిల్ పావు చుట్టు తెరుస్తారు, ఆయిల్ వస్తుంది, పెడల్ కిందికి పోతుంది. మీరు మూసేశాకే ఆవిడ కాలు ఎత్తాలి. నిపిల్ తెరిచి ఉండగా కాలు ఎత్తితే బయటి గాలి లోపలికి పోతుంది, అప్పటిదాకా చేసిందంతా వృథా. మన షెడ్డుల్లో బండి కింద నుంచి ఉస్తాద్ "దబా... పకడ్... ఛోడ్" అని అరుస్తూ ఉంటారు, సీట్లో కుర్రాడు అదే మాట తిరిగి అంటూ ఉంటాడు. ఆ అరుపులు ఊరికే కాదు, ఒకరి పని ఒకరికి కనిపించని చోట మాటే ఆధారం. మీరూ మాటలు ముందే అనుకోండి. తొక్కు, పట్టుకున్నా, తెరిచా, మూశా, వదులు. ఆవిడ "పట్టుకున్నా" అనకుండా మీరు తెరవకూడదు, మీరు "మూశా" అనకుండా ఆవిడ వదలకూడదు. ఈ పనిలో సగం ఆమెదే. అందుకే ఆమెకు నమ్మకం కుదిరేదాకా మొదలుపెట్టకండి.

పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టి, అది నేలకంటా పోకుండా చూడండి. రోజూ పోని లోతుకు పిస్టన్ పోతే అక్కడ పేరుకున్న మురికి, గరుకు తగిలి మాస్టర్ సిలిండర్ రబ్బర్లు దెబ్బతింటాయి. బాగున్న పెడల్ ఆయిల్ మార్చాక దిగిపోయిందని కొందరు వాపోయేది దీనివల్ల కూడా.

అన్నిటికంటే ముఖ్యమైనది రిజర్వాయర్. ప్రతి అయిదారు తొక్కులకోసారి లేచి చూడాలి, సగానికి తగ్గకముందే నింపాలి. పదేళ్ళ కిందట మల్కాజ్‌గిరిలో మా ఇంటి ముందు నేను, మా తమ్ముడు ఈ పని చేస్తున్నాం. మూడో చక్రం దగ్గర ఇంటి విషయాలు మాట్లాడుకుంటూ రిజర్వాయర్ చూడటం మరిచిపోయాం. గొట్టంలో ఒక్కసారిగా నురగ వచ్చింది. లేచి చూస్తే పైన ఖాళీ. మాస్టర్ సిలిండర్ నుంచి కిందిదాకా గాలి. మళ్ళీ మొదటి చక్రం నుంచి చేసినా పెడల్ రాలేదు. మర్నాడు ఉస్తాద్‌ను ఇంటికి పిలిపించుకుంటే ఆయనకే గంటన్నర పట్టింది. అది ఏబీఎస్ లేని పాత బండి కాబట్టి అంతటితో పోయింది. మీ బండిలో అలా జరిగితే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి పోతుంది, బండిని టోయింగ్ చేయించి స్కానర్ ఉన్న చోటికి పంపాలి. అలా జరిగిన రోజు, దగ్గరే కదా అని మెల్లగా నడుపుకుంటూ మాత్రం వెళ్ళకండి.

ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. పక్కన ఒక మగ్గు నీళ్ళు పెట్టుకుని, పడిన వెంటనే కడిగేయండి. కంట్లో పడితే ధారగా నీళ్ళతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తీసిన పాత ఆయిల్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి సెల్లార్‌లో వదలకండి, అది విషం, పిల్లలు తాగే ప్రమాదం ఉంది. వేరే డబ్బాలో మూత బిగించి, పైన ఏమిటో రాసి, పాత ఆయిళ్ళు సేకరించే షెడ్డులో ఇదేమిటో చెప్పి ఇవ్వండి. డ్రైనేజీలో పోయొద్దు. రిజర్వాయర్‌లోకి ఇంజిన్ ఆయిల్ లాంటిది చుక్క కూడా పోకూడదు, ఆ గరాటు కూడా వాడొద్దు. పెట్రోలియం నూనె తగిలితే బ్రేకుల్లోని రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది.

పని అయ్యాక రబ్బరు టోపీలు పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్ గట్టిగా తొక్కి పట్టుకోమని చెప్పి, నాలుగు నిపిళ్ళ దగ్గరా టార్చి వేసి చూడండి. పొడిగా ఉండాలి. చక్రాల నట్లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. తర్వాత సెల్లార్‌లోనే సమంగా ఉన్న చోట నడిచేంత వేగంతో కదిలి, ఆగి చూడండి. పది, పదిహేనుసార్లు సరిగా ఆగాకే ర్యాంపు ఎక్కండి. తేదీ, కిలోమీటర్లు కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి, ఈసారి గుర్తు లేదు అనుకోనక్కర్లేదు.

ఇక శ్రీశైలం. షెడ్డు నుంచి బండి వచ్చాక కనీసం నాలుగైదు రోజులు ఊళ్ళోనే తిప్పండి. రోజూ పొద్దున రిజర్వాయర్ లెవెల్ చూడండి, మొదటి తొక్కుకే పెడల్ పైన తగులుతోందా అని చూడండి. ఏ ఒక్కరోజు తేడా వచ్చినా మళ్ళీ షెడ్డుకే. అంతా బాగుంటే వెళ్ళి రండి. దోమలపెంట దాటి దిగేటప్పుడు సెకండ్ గేర్‌లోనో, ఇంకా ఏటవాలుగా ఉంటే ఫస్ట్‌లోనో ఉండి ఇంజిన్‌తోనే బండిని పట్టుకోండి. న్యూట్రల్‌లో దిగొద్దు, ఇంజిన్ ఆపి అసలే దిగొద్దు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా తొక్కి వదలండి. కాలిన వాసన వచ్చినా, పెడల్ కొంచెం లోతుగా పోయినా వెడల్పుగా ఉన్న చోట పక్కకు తీసి చల్లారనివ్వండి, ఆ తర్వాత కిందికి దిగేది మెకానిక్ చూశాకే. ఒకవేళ నడుస్తుండగానే పెడల్ దిగిపోతే వెంటవెంటనే తొక్కుతూ ఉండండి, ఒక్కో గేరూ తగ్గించండి, హ్యాండ్ బ్రేక్‌ను ఒక్కసారి లాగకుండా బటన్ నొక్కి పట్టి కొద్దికొద్దిగా లాగండి, కొండ వైపు జరగండి.

షెడ్డులో మాస్టర్ సిలిండర్ పోయిందని తేల్చితే, రబ్బరు కిట్టు వేసి సరిపెడతామంటారు, అది చవక. తొమ్మిదేళ్ళకు పైబడ్డ బండికి లోపలి గోడ కూడా అరిగి ఉండొచ్చు కాబట్టి నేనైతే సిలిండర్ మొత్తం కొత్తదే వేయమంటాను. అప్పుడు ప్రయాణం ఇంకో వారం జరిగినా ఫర్వాలేదని అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి.